కనబడే దూరం

పుష్య శుద్ధ విదియ

ఇవాళ్టి నుంచి ఆట గది బాధ్యత నాది. రుక్మక్క పిలిచి చెప్పింది. రుక్మక్క మా గనికి పెద్ద. ఆవిడ అడిగినట్టే ఉంటుంది గానీ అది అడగడం కాదు. "ఓదెలూ, ఆ డబ్బా సంగతి నీకే ఎరుక. ఏం చేసినవో ఎప్పటికప్పుడు రాసిపెట్టు. నీకేమన్న అయితె ఇంకొకలు అందుకోవాలె కద," అంది. నాకేమవుతుందో మాత్రం చెప్పలేదు. సరే, రాస్తున్నాను.

డబ్బా అంటే కంప్యూటరు. జనం పైన బతికిన కాలం నాటిది, పాత గని ఆఫీసులో దొరికింది. దాంట్లో మిగిలింది ఒక్క ఆట, లారీ నడిపేది. సరుకు ఎత్తుకుని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలి, అంతే. మా తాతల నాటికే అది పాత ఆట అట.

మేం ఆడుకోవడానికి కాదు అది. గనిలో పుట్టినవాళ్ళకి ఎండ తగలడం అంటే తెలియదు గానీ దూరం తగలడం తెలుసు. మా కళ్ళు చూసిన అతి పొడుగైన చోటు పెద్ద సొరంగం. అక్కడ కూడా వంపు దగ్గర గోడ వచ్చి చూపుని ఆపుతుంది. అలాంటివాళ్ళం పైకి పోతే కళ్ళు ఎక్కడ ఆనాలో తెలియక, తల తిరిగి, కక్కుకుని, నేలని కరుచుకుని పడుకుంటాం. పోయిన చలికాలం ఇద్దరు అలా పడిపోతే పోశాలు తాత ఈడ్చుకొచ్చాడు. పైన పుట్టినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే. ఇప్పుడు ఆయన తుంటి విరిగి మంచం మీద ఉన్నాడు.

సరిగ్గా ఇప్పుడే గుట్ట మీది సోలార్ పలకల తీగ ఎక్కడో తెగింది. పెద్ద ఫ్యాన్ సగం జోరుతో తిరుగుతోంది. చలి ఉండగానే ఎవరో ఒకరు గుట్ట దాకా నడిచి ఆ తీగ అతకాలి. ఎండలు మొదలైతే పైకి పోలేం, కింద గాలీ ఆడదు. ఎవరు పోతారని రుక్మక్క అడిగితే ఒక్క చెయ్యి లేచింది. తీగలు అతకడంలో ఆ చేతికి సాటి లేదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ అది మా ఆవిడ సుగుణ చెయ్యి.

పుష్య శుద్ధ చవితి

ఆట మొదలైతే అయింది, నడవడం మాత్రం లేదు. లారీ కదిలితే తెర ఆగుతుంది. తెర కదిలేసరికి లారీ చెట్టులో ఉంటుంది. తెర మూలలో ఒక అంకె వచ్చేలా పెట్టాను. డబ్బా సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తోందో అది చెబుతుంది. ముప్పై దాటితే కంటికి సుఖం. ఇవాళ పది దగ్గరే నీలిగింది. సుగుణ కాసేపు చూసి బకెట్ తెమ్మంది. పైకి పోకముందే దూరం తగిలిందేమోనని నేను కంగారుపడ్డాను.

"దూరం కాదు నీ మొహం కాదు. ఈ కుదుపులకు కడుపుల తిప్పుతున్నది," అంది.

ఆటలో సెట్టింగుల పేజీ ఒకటి ఉంది. నీడలు, గోడల స్పష్టత, గడ్డి, నీళ్ళ మెరుపు, ఎదురొచ్చే బండ్లు, కనబడే దూరం. ఒక్కోదానికి ఒక్కో గీత, గీత మీద ఒక గుండీ. కుడికి జరిపితే బొమ్మ బాగుంటుంది, ఎడమకి జరిపితే డబ్బాకి పని తగ్గుతుంది. అన్నీ కుడికే కావాలంటే ఈ ముసలి డబ్బా వల్ల కాదు.

ముందు నీడలు తీసేశాను. సుగుణ ఊరుకోలేదు.

"నీడ లేకుంటె ఎట్ల? దీపం ఎటున్నదో, మనిషి ఎటున్నడో ఎట్ల తెలుస్తది?"

నిజమే. మూల తిరగకముందే అవతల మనిషి ఉన్నాడో లేదో మాకు నీడే చెబుతుంది. నీడల్ని మళ్ళీ కుడి చివరికి పెట్టాను. గోడల స్పష్టత తగ్గించబోతే దానికీ అడ్డం పడింది. గోడ మీద పగులు కనిపెట్టకపోతే ప్రాణం పోతుందని మాకు నడక కన్నా ముందు నేర్పుతారు. కాబట్టి గోడలూ కుడికే.

మిగిలినవాటిలో డబ్బాకి అన్నిటికన్నా బరువు కనబడే దూరం. దాన్ని ఎడమ చివరికి తోశాను. అంకె ఒక్క దూకున నలభైకి పోయింది! ఇప్పుడు రోడ్డు కొంత పోయాక తెల్లటి పొగలో కలుస్తుంది. మనం ముందుకి పోతే ఆ పొగ కూడా ముందుకి జరుగుతుంది. మా పెద్ద సొరంగం వంపు కన్నా అదే ఎంతో దూరం. లోకానికి అక్కడ వంపు ఉందనుకున్నాం, ప్రతి సొరంగానికీ ఉన్నట్టే. చాలా సంతోషపడ్డాం.

పుష్య శుద్ధ ఏకాదశి

సుగుణ లారీని తన సొంతదిలా నడుపుతోంది. హారన్ మరీ ఎక్కువ కొడుతోంది. ఎదురుగా బండి లేనప్పుడు కూడా ఎందుకంటే, "ఉంటె వినబడనియ్యి," అంటుంది. వెనక్కి తిప్పడం కూడా వచ్చేసింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, క్లీనర్‌వి నువ్వే, అద్దం తుడవమంటుంది.

రుక్మక్క వచ్చి వెనకాల నిలబడి చూసింది. తెల్లటి పొగలోకి రోడ్డు మళ్ళీ మళ్ళీ పుట్టుకొస్తోంది, లారీ పోతూనే ఉంది, సుగుణకి తల తిరగడం లేదు, బకెట్ ఖాళీగా ఉంది. "ఇంక పోవచ్చు," అంది రుక్మక్క. ఆ మాటకి నాకు గర్వమూ భయమూ ఒక్కసారే కలిగాయి. కింది గ్యాలరీలో గాలి చాలక ఆరు కుటుంబాలు బడిలోకి మారాయి. అందువల్ల భయం సంగతి ఎవరికీ చెప్పలేదు.

పుష్య పౌర్ణమి

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి.

ఇవాళ తెల్లవారాక పైకి పోయాం. తాడు ఎంత పొడుగుంటే అంత దూరం నడిచి తిరిగి రావడం, అంతే పని. గుట్ట ఇంకోసారి. తాడు పట్టేవాళ్ళం గని నోట్లో బయటికి వీపు పెట్టి కూర్చుంటాం. అది మా పద్ధతి. లేకపోతే పట్టేవాడికి కూడా దూరం తగులుతుంది. నేనూ రుక్మక్కా పట్టుకున్నాం.

తాడు నెమ్మదిగా, ఆగకుండా జారింది. బయట మంచు బాగా ఉందని సుగుణ అరిచి చెప్పింది. "అచ్చం ఆటల లెక్కనే ఉన్నది!" అంది. నేను రుక్మక్క వంక చూసి నవ్వాను కూడా. చాలాసేపు బాగానే పోయింది. తర్వాత మెడ మీద వెచ్చగా తగిలింది. ఎండ. కాసేపటికి తాడు ఆగింది. తర్వాత బరువుగా అయింది.

లాగాం. అంతే రాయగలను. మోచేతులు గీరుకుపోయి, నోట్లో మట్టితో వచ్చింది. కళ్ళు ఎంత గట్టిగా మూసుకుందంటే తెరిపించడానికి దీపాలన్నీ ఆర్పాల్సి వచ్చింది.

పుష్య బహుళ తదియ

రెండు రోజులు గోడ వైపు తిరిగి పడుకుంది. సరిగా తినలేదు. నేను ఏం మాట్లాడినా ఆ గోడే విన్నది. ఇవాళ గంజి తాగి, తనంతట తనే చెప్పింది.

"తెల్లది ఉన్నంతసేపు మంచిగనె నడిచిన. తర్వాత అది లేచిపోయింది. మల్ల వస్తది, మల్ల వస్తది అని చూసిన. రాలే. రోడ్డు ఆగలే. నేల ఆగలే. గోడ ఏడ వస్తదో అని చూస్తుంటె కండ్లు నన్ను ఇడిసిపెట్టి ముంగటికి పోతనే ఉన్నయ్. పట్టుకునేతందుకు ఏమ్ లేదు."

తెల్లది. పైన అది మంచు, ఎండకి పోతుంది; ఎప్పటికీ పోని తెల్లది పైన లోకంలో లేదు. అది నేను పెట్టింది. డబ్బా మోయలేదని నేను గుండీని ఎడమకి తోస్తే, ఇంక గీయలేక అది వేసుకున్న తెర అది. మా ఆవిడకి నేను నేర్పింది దూరం కాదు. ఎక్కడికి పోయినా దూరం ఆగిపోతుందని నేర్పాను.

చెప్పేశాను. కోపగించుకుంటే బాగుండుననిపించింది.

"నువ్వొక్కనివే చేసినవా? నీడలు కావాలె, గోడలు కావాలె అన్నది నేను," అంది. గంజి గిన్నె పక్కన పెట్టి, "మల్ల పెట్టు. ఆగకుంట పెట్టు," అంది.

పుష్య బహుళ పంచమి

రుక్మక్కకి చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. "నేను గూడ నిలబడి చూసిన కద. తెల్లగ ఉంటె శుభ్రంగ ఉందనుకున్న," అంది. ముగ్గురం పోశాలు తాత మంచం దగ్గరికి పోయాం. తాత ఆట గదికి ఎప్పుడూ రాలేదు. వచ్చి ఉంటే ఒక్క చూపుతో పట్టేసేవాడు. ఆ ముక్క ఆయనే అన్నాడు, రెండుసార్లు.

తల దించుకుని కాళ్ళ వంకే చూస్తూ నడిస్తే కాదా అని సుగుణ అడిగింది.

"కాళ్ళు చూసుకుంట నడిస్తె గుండ్రంగ తిరుగుతవ్ బిడ్డా. దోవ పొంటి పాత బొగ్గు గుంతలున్నయ్, అండ్ల పడతవ్. గుట్టను కంటితోని పట్టుకోవాలె. పట్టుకుని పోవాలె."

చీకటిలో పోతే ఏమీ కనబడదు కదా, అప్పుడు పోవచ్చు కదా అన్నాను నేను. ఎండ పడితేనే పలకల్లో కరెంటు పుడుతుంది, కరెంటు ఉంటేనే తీగ ఎక్కడ తెగిందో మీటరు చూపుతుంది. ఇది నాకు తెలిసిన సంగతే. మా ఆవిడ పోకుండా ఉండే దారి ఏదన్నా దొరుకుతుందేమోనని అడిగాను, అంతే.

"దూరం మీద పడదు బిడ్డా," అన్నాడు తాత సుగుణ చెయ్యి పట్టుకుని. "దాని జాగల అది ఉంటది. నువ్వు ఊకె దానికి భయపడుడెందుకు?"

పుష్య బహుళ దశమి

కనబడే దూరం కుడి చివరికి పెట్టాను. అంకె నాలుగుకి పడిపోయింది. డబ్బా పెనంలా వేడెక్కింది.

ఇక మొహమాటం లేకుండా నరుకుతూ పోయాను. నీడలు పోయాయి. లారీ గాల్లో తేలుతున్నట్టుంది. సుగుణ పళ్ళు బిగపట్టి చూసింది. గోడల స్పష్టత పోయింది. ఇళ్ళన్నీ మట్టి ముద్దలయ్యాయి. గడ్డి పోయింది. నీళ్ళు నీలం గుడ్డ పరిచినట్టయ్యాయి. చెట్లు అట్టముక్కలు. ఎదురొచ్చే బండ్లు పోయాయి. ఆకాశంలో మబ్బులు పోయాయి. స్టీరింగు పట్టుకున్న డ్రైవరు చేతులు కూడా తీసేశాను. వాడు ఎవడో గానీ పాపం, నొప్పి తెలియకుండా పోయాయి.

ఇంత చేసినా పంతొమ్మిది దగ్గర మొరాయించింది. ఆఖరికి బొమ్మ కొలతనే సగానికి తగ్గించాను. మైలురాళ్ళ మీది ఊళ్ళ పేర్లు చదవరాకుండా పోయాయి. అంకె మెల్లగా లేచి ముప్పై ఒకటి దగ్గర నిలబడింది. అక్కడే ఉంది. కదల్లేదు.

ఇంత వికారమైన లోకాన్ని నేను ఎక్కడా చూడలేదు. కానీ సుగుణ, "గుట్ట వచ్చింది," అంది. రోడ్డుకి అటు చివర, ఎక్కడో అవతల, వచ్చిందట. ఎలా ఉందని అడిగాను. బకెట్ అందుకుంది.

"నువ్వు చూడు," అంది తర్వాత మూతి తుడుచుకుని.

నేను అంకె చూసుకోవాలన్నాను. అబద్ధం కాదు. ఈ పని మొదలెట్టిన దగ్గర్నుంచి నేను తెర మూలలోని ఆ అంకె చూశానే తప్ప, దూరంగా ఉన్నదేదీ సరిగా చూడలేదు. కొంచెం పక్కకి చూపు జారితే చాలు, నాకు కాళ్ళ కింద నేల లేనట్టుంటుంది. నాకు భయం. పోయేది ఆమె, భయం నాది.

మాఘ శుద్ధ పంచమి

సుగుణ రోజూ కూర్చుంటోంది. మొదట దీపం వత్తి సరిచేసినంత సేపే, తర్వాత భోజనం చేసినంత సేపు. ఇప్పుడు ఒక షిఫ్టులో సగం. హారన్ కొట్టడం లేదు, నాకు అదొక్కటే దిగులు. లారీని కూడా సరిగా పట్టించుకోదు. రోడ్డు దిగి పొలాల్లోంచి నేరుగా గుట్ట మీదికి తోలుతుంది. సరుకు చేరలేదని ఆట తిడుతూ ఉంటుంది.

"ముందుగాల నా కండ్లను అది గుంజుతుండె. ఇప్పుడు నేనే దాన్ని గుంజుతున్న," అంది ఇవాళ. ఆ మాట తాతకి చెబితే సంతోషంతో మంచంలోనే లేవబోయి, తుంటి నొప్పికి కేకపెట్టాడు.

ఫ్యాన్ ఇంకా మందగించింది. బడిలో పడుకునే ఒక చంటిదానికి రాత్రి ఊపిరి అందలేదు. దాన్ని ఎత్తుకుని గని నోటి దాకా పరిగెత్తారు. బతికింది. వాళ్ళమ్మ ఇవాళ ఆట గది గుమ్మంలో వచ్చి నిలబడి, సుగుణ వీపు వంక చూసి వెళ్ళిపోయింది. సుగుణకి తెలుసు. వెనక్కి తిరగలేదు.

మాఘ శుద్ధ ద్వాదశి

ఇవాళ పోయింది.

నేనూ రుక్మక్కా తాడు పట్టుకుని, వీపు బయటికి పెట్టి కూర్చున్నాం. మంచు లేదు, మంచు విడిచాకే బయలుదేరతానని సుగుణే పట్టుబట్టింది. "ఆగేది ఏదో ఉన్నదని మల్ల నమ్మను," అంది. సంచీలో మీటరు, తీగ ముక్కలు, నీళ్ళు. నేను ఏదో అనబోతే, "అంకె చూసుకో పో," అని నవ్వి నడిచింది.

తాడు జారింది. ఒకచోట ఆగింది. మళ్ళీ జారింది. అలా చివరిదాకా పోయి, మూడుసార్లు గుంజింది. ముడి విప్పుకుంటున్నానని గుర్తు. గుట్ట తాడు కన్నా దూరం. తాడు నా చేతిలో వదులైపోయింది.

"ఇంక మన చేతుల లేదు. ఊకో," అంది రుక్మక్క.

ఊరుకున్నాను. కొంతసేపు. ఏ చప్పుడూ లేదు. పడిపోయిందా, పోతోందా, గుంతలో ఉందా, నాకు చెప్పేది ఏదీ లేదు. ఖాళీ తాడు పట్టుకుని గోడ చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. వెనక్కి తిరిగాను. రుక్మక్క నా భుజం పట్టుకుని అరిచింది గానీ తను తిరగలేదు.

మొదట అంతా తెల్లగా మండింది. తర్వాత నేల కనబడింది, పోతూ, పోతూ, పోతూనే ఉంది. కడుపులోది బయటికొచ్చింది. గుమ్మం రాయిని రెండు చేతులా పట్టుకున్నాను. గుట్టని పట్టుకో అన్న తాత మాట తోచి, దానికోసం వెతికాను. ఉంది. నీలంగా, అటు చివర, కదలకుండా. దాన్ని కంటితో పట్టుకుని కాసేపు ఊపిరి తీశాను. సుగుణ మాత్రం ఎక్కడా లేదు.

గుమ్మం రాయి అంచున ఒక చీమ పోతోంది. నల్లగా, మెల్లగా, ఆగుతూ. దాన్ని తోసేద్దామని చెయ్యి చాచాను. వేలికి ఏమీ తగల్లేదు. మళ్ళీ చాచాను. మళ్ళీ తగల్లేదు. చీమ రాయి మీద లేదు. రాయి అవతల, గుంతల అవతల, గుట్ట మొదట్లో ఉంది. దానికి ఒక సంచీ ఉంది.

మనిషి అంత చిన్నగా అవుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. మా గనిలో ఎవరూ ఎవరికీ అంత దూరం కారు. ఆమెకి ఏదో అయిపోయిందనుకున్నాను, అరిగిపోయిందనుకున్నాను. పేరు పెట్టి అరిచాను. వినబడలేదు. రెప్ప వేస్తే పోతుందేమోనని కన్ను ఆర్పకుండా చూశాను. నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆ చుక్క గుట్ట ఎక్కింది. పలకల మధ్యకి పోయింది. కనబడకుండా పోయింది. అంత భయం నేను ఎప్పుడూ పడలేదు.

ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి చొక్కా ఛాతీకి అతుక్కుపోయింది. బయటి గాలి నన్ను దాటుకుని గనిలోకి దూకుతోంది. కింద ఫ్యాన్ పూర్తి జోరు అందుకుంది. లోపల ఎక్కడో జనం కేకలు వేశారు, రుక్మక్క ఏడ్చేసింది. నేను వెనక్కి చూడలేదు. చుక్క ఇంకా రాలేదు.

వచ్చింది. పలకల మధ్య నుంచి దిగింది. గోరంత అయింది. వేలంత అయింది. కాళ్ళు వచ్చాయి, చేతులు వచ్చాయి, చీర రంగు వచ్చింది. చూస్తుండగానే నడుస్తూ నడుస్తూ పెరిగి, నా ఎదురుగా వచ్చి నిలబడేసరికి మా సుగుణ అంత అయింది. పట్టుకుని చూశాను. అంతే ఉంది, ఏమీ తగ్గలేదు.

"ఏందయ్యా, ఇటు మర్లి కూసున్నవ్?" అంది. మొహమంతా చెమట, దుమ్ము.

"నిన్ను చూసిన."

"కనబడ్డనా?"

నేను బొటనవేలి గోరు చూపించాను. "గింతే ఉన్నవ్. మల్ల పెద్దగ అయితవో కావో అనుకున్న."

ఆమె ఆ గోరు వంక చూసి, గుట్ట వైపు ఒకసారి తిరిగి, మళ్ళీ నా వంక చూసింది.

"నువ్వు గంత గూడ లేవు," అంది. "ఆడికెల్లి మర్లి చూస్తె గని నోరే నల్ల చుక్క. నువ్వైతె అసలు లేనే లేవు. నాకు మస్తు భయమైంది." నా చెయ్యి అందుకుంది. "అయినా ఆడ ఉంటవ్ గదా అని నడిచిన."

నేను లేవడానికి ఆమె భుజం ఆసరా కావాల్సి వచ్చింది. గాలి వెనక నుంచి తోస్తుంటే ఇద్దరం లోపలికి దిగాం.